ఆదివారం సంతలో ఎర్ర డీజిల్ బండి

"కొనండి, శుభంగా కొనండి. తోయడానికి ఇద్దరు మనుషుల్ని కూడా ఇప్పుడే మాట్లాడుకోండి."

వుకాషిన్ ఆ మాట అని, చిన్న ఎర్ర కారు వైపు చూసి ఉమ్మినంత పని చేశాడు. చాచక్ ఊరి ఆదివారం కార్ల సంతకు ఈమధ్య అతను వారం తప్పకుండా వస్తున్నాడు. చేతిలో మాంసం కూరిన బురెక్ రొట్టె, నోటి నిండా వెటకారం. సంతకొచ్చేవాళ్ళంటే అతనికి చచ్చేంత చులకన. టైరును కాలితో తన్నగానే బండి గుట్టంతా తెలిసిపోతుందనుకునే రకాలు!

ఇప్పుడు టైరు తన్నినవాడి పేరు నెబోయ్షా. పక్కన భార్య రుజిత్సా. కొండ మీద రాస్ప్‌బెర్రీ తోట వాళ్ళది. కోసిన పండు సాయంత్రంలోగా కింద శీతల గిడ్డంగికి చేరకపోతే నీళ్ళయిపోతుంది. ఇన్నాళ్ళూ రుజిత్సా బావగారి వ్యాన్ కోసం పడిగాపులు పడ్డారు. ఆయన మనసైతే వస్తాడు, లేకపోతే లేదు. రాని రోజు పండంతా పందులకే. అందుకే కూడబెట్టిందంతా జేబులో పెట్టుకుని వచ్చారు. బండి మంచిదైతే బతుకుతారు. పాడుదైతే మళ్ళీ బావగారి గుమ్మమే.

ఎర్ర బండి అద్దానికి ఒక కాగితం అంటించి ఉంది. ధర, ఫోన్ నంబరు, ఇంజిన్ బాగుందన్న ముక్క. అమ్మేవాళ్ళు బండి దగ్గర కాపలా ఉండటం ఈ సంతలో అరుదు. కాగితం అంటించేసి ఎదురుగా కఫానా హోటల్లో కూర్చుని రకియా సారా పుచ్చుకుంటూ ఉంటారు. దగ్గరుండి మాత్రం చేసేదేముంది? అమ్మేవాడి మాట ఇక్కడ ఎవడూ నమ్మడు. పక్కన నిలబడి ఊరికే తిట్టిపోసేవాడి మాట మాత్రం వేదం.

నెబోయ్షా బానెట్ మీద అరచెయ్యి ఆనించాడు. "చల్లగా ఉంది బాబాయ్. ముందే వేడి చేసి పెట్టలేదు. అంటే మోసం లేనట్టే."

"చల్లగా ఉండక? స్టార్టయితే కదరా వేడెక్కేది!"

రుజిత్సా నవ్వాపుకుంది. నెబోయ్షాకు పౌరుషం వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని బండి కిందికి తొంగిచూశాడు. "ఆయిలు చుక్క కూడా కారడం లేదే."

"కారాలంటే లోపల ఉండాలిగా."

వుకాషిన్ రొట్టె కొరికి, నింపాదిగా నమిలి, మళ్ళీ అందుకున్నాడు. "పాత డీజిల్ అంటే ఏమనుకున్నావు? చలికాలం పొద్దున్నే దగ్గిందంటే వీధి వీధంతా లేస్తుంది. రెండో గేరు దానికి బుద్ధి పుడితే పడుతుంది. ఎడమ తలుపు వానకు కారుతుంది. హీటరు వేస్తే కాళ్ళు మాడతాయి, ముక్కు గడ్డకడుతుంది."

"ఇంత వివరంగా ఎలా తెలుసు బాబాయ్?" రుజిత్సా అడిగింది.

"ఈ రకం బళ్ళన్నీ ఒక తల్లి పిల్లలే అమ్మాయ్. ఒకదాన్ని చూస్తే చాలు."

ఆమెకు ఎందుకో నమ్మకం కుదరలేదు. కాగితం మీది నంబరుకు ఫోన్ చేసి, మొగుడికి కూడా వినపడేలా స్పీకరు పెట్టింది. ఆడగొంతు పలికింది.

"బండి బంగారం తల్లీ! ఒక్కనాడు దారిలో మొండికెయ్యలేదు. నేనే పోరుపెట్టి అమ్మిస్తున్నా. ఎవడూ కొనడం లేదట, ఎందుకో అంతుపట్టడం లేదు. మావారు అక్కడే ఉండాలే, అడగండి."

వుకాషిన్ నమలడం ఆపేశాడు. ఫోన్ పెట్టేశాక గట్టిగా నవ్వాడు. "విన్నారా? బంగారమట! ఆవిడకేం తెలుసు బండి సంగతి? పక్క సీట్లో కూర్చుని సాధించడం తప్ప!"

"మరి ఆయనేడీ?"

"ఏ కఫానాలోనో ఉంటాడు. అలాంటివాడు నిజం చెబుతాడా?"

రుజిత్సా అద్దంలోంచి లోపలికి చూసింది. సీట్ల మీద ఉతికిన తొడుగులు, ముందర చిన్న దేవుడి పటం. "ఎంత శుభ్రంగా ఉందో! ఎవరో సొంత బిడ్డలా చూసుకున్నారు దీన్ని."

వుకాషిన్ మిగిలిన రొట్టె జేబులో కుక్కుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "వరదల్లో మునిగిన బండి ఇది. పైపైన తుడిచి పెట్టారు. లోపల వైర్లన్నీ కుళ్ళిపోయాయి." ఆ మాట అంటున్నప్పుడు బండి వంక చూడలేదు.

అంతే. నెబోయ్షా బానెట్ మీద చెయ్యి తీసేసి ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"ఆ చివర తెల్ల డీజిల్ చూడండి," అన్నాడు వుకాషిన్. "మీసాలాయనది. మనిషి వట్టి చిరాకు గానీ, బండికి వేళకు ఆయిలు మార్చే రకం. అది మిమ్మల్ని కొండ దింపుతుంది, ఎక్కిస్తుంది."

రుజిత్సా అనుమానంగా చూసింది. "ఆయన నీకేమన్నా చుట్టమా బాబాయ్? మధ్యలో నీకేమన్నా ముడుతుందా?"

వుకాషిన్ ముఖం కందగడ్డయింది. "నాకా? ఈ సంతలో నేను అమ్మేదేమీ లేదమ్మాయ్!"

ఆ కోపం చూసి వాళ్ళకు పూర్తిగా నమ్మకం కుదిరింది. తెల్ల బండి చూశారు, నడిపారు, బేరమాడి కొన్నారు. వెళ్తూ వెళ్తూ రుజిత్సా కిటికీలోంచి చెయ్యి ఊపింది. "చల్లగా ఉండు బాబాయ్! నువ్వు లేకపోతే మునిగిపోయేవాళ్ళం!"

"పొండి, పొండి," అన్నాడతను విసుగ్గా.

సంత ఖాళీ అయ్యాక వుకాషిన్ అద్దం మీది కాగితం జాగ్రత్తగా ఊడదీసి మడిచి, జేబులోంచి తాళంచెవి తీసి, ఒక్క తిప్పుకే లేచిన ఎర్ర బండిలో, 'ఈ వారం కూడా ఎవడూ కొనలేదే' అని పెళ్ళానికి చెప్పాల్సిన మాట కూడబలుక్కుంటూ ఇంటిదారి పట్టాడు.