మరక

"నేనెక్కడున్నానండీ?" గోడ పట్టుకుని నడిచొచ్చి, కంప్యూటర్ ముందున్న భర్తను అడిగింది ఆవిడ.

వీధిదీపాల వెలుగుకి వెలవెలబోయే పెరటి ఆకాశాన్ని అతను రాత్రంతా ఫొటోలు తీసి, కంప్యూటర్లో అన్నిటినీ కలిపితే పొద్దున్నకి గెలాక్సీ దూదిపింజలా తేలింది.

"గెలాక్సీలో నువ్వెందుకుంటావే?"

"మీరు కునుకు తీస్తుంటే కెమెరా ముందు టార్చి ఊపానుగా. మీకు గుర్తుగా ఉంటుందని."

"అదా! ఒక్క ఫొటోలో కనబడి మాయమయ్యేదాన్ని కలిపేటప్పుడు ఈ కంప్యూటర్ మరక కింద జమకట్టి తుడిచేస్తుంది. నీ ఆనవాలే లేదు చూడు!" గొప్పగా అన్నాడు.

అన్నాక నాలుక కరుచుకున్నాడు. డాక్టర్లు చేతులెత్తేసిన మనిషితో ఏం మాటలివి?

విడి ఫొటోల కోసం గబగబా వెతికాడు. కంప్యూటర్లో చోటు చాలక పొద్దున్నే అన్నీ తనే డిలీట్ చేసేశాడని గుర్తొచ్చింది.

"ఈ రాత్రి మళ్ళీ ఊపుదువుగాని," అన్నాడు.

ఆవిడ నవ్వింది. "నిన్ననే రెండు చేతులా పట్టుకుంటే గాని టార్చి లేవలేదండీ."