ఐదు మిల్లీమీటర్లు

"ఆ కూలర్ నీ కంప్యూటర్‌లో పట్టదమ్మా."

షాపాయనకి తన కంప్యూటర్ డబ్బా పేరు చెప్పి, కూలర్ అందుకున్న యానిమేటరు వెనక్కి తిరిగింది. ఎదురుగా వెలిసిపోయిన చొక్కా, చేతిలో ఉక్కు స్కేలు. అరగంటగా షాపులో ఒక్కో కూలర్నీ తీసి కొలుస్తున్న పెద్దాయన.

అసలే ఆమె చిరాకులో ఉంది. పాత కూలర్ చల్లబరచలేక ప్రాసెసర్ వేడెక్కి, పని మధ్యలో కంప్యూటర్ ఆరిపోతోంది. రేపు సాయంత్రంలోగా బొమ్మల సినిమా ఇవ్వకపోతే, ఆరు నెలలు కాళ్లరిగేలా తిరిగి సంపాదించిన మొదటి కాంట్రాక్టు చేజారిపోతుంది.

"నా డబ్బాలో జాగా నూట అరవై మిల్లీమీటర్లు. దీని ఎత్తు నూట యాభై ఎనిమిది. నెట్‌లో లిస్టు చూసే వచ్చాను."

ఏ డబ్బాలో ఏ కూలర్ పడుతుందో చెప్పే లిస్టది. ఎవరు పెట్టారో తెలీదు గానీ, కంప్యూటర్లు బిగించుకునేవాళ్లకి అదే వేదవాక్కు.

"అది అట్టపెట్టె మీది అంకె. ఫ్యాన్ బిగిస్తే ఇంకో ఐదు పైకొస్తుంది. ఈ పొట్టిది తీసుకోమ్మా."

"అంటే లిస్టు తప్పా?"

"ఆ ఒక్క వరుస తప్పే. అసలు ఆ లిస్టు..."

"చాలండీ!" ఆమె షాపాయన వైపు తిరిగింది. "ఈయన ఇక్కడ పనిచేస్తారా?"

"అబ్బే! కొనేది లేదు, పెట్టేది లేదు. ప్రతి శనివారం వచ్చి కొత్త సరుకంతా కొలిచి పోతుంటాడు."

"మరెందుకు రానిస్తారు? కొనేవాళ్లని విసిగించడానికా?"

పెద్దాయన స్కేలు జేబులో పెట్టుకున్నాడు. ఆమె తను అనుకున్నదే కొనుక్కుని వెళ్లిపోయింది.

ఇంట్లో కూలర్ బిగించింది. ఫ్యాన్ తగిలించింది. డబ్బా తలుపు మూతపడలేదు.

తలుపు తీసే ఉంచుదామంటే, ఇంట్లో అక్క కొడుకు పాకే వయసువాడు. తిరిగే ఫ్యాన్ కనిపిస్తే వేలు పెట్టకుండా ఊరుకోడు.

మధ్యాహ్నం మళ్లీ షాపుకి పరుగెత్తింది. షాపాయన ఏమీ అడక్కుండానే పొట్టి కూలర్ చేతికిచ్చాడు.

"ఒక్కటే మిగిలింది. మీరు తిరిగొస్తారు, ఎవరికీ అమ్మొద్దని చెప్పి వెళ్లాడండీ ఆ పెద్దాయన."

ఆమెకి తల కొట్టేసినట్టయింది.

"వచ్చే శనివారం వస్తారుగా? క్షమాపణ చెప్పుకోవాలి."

"ఇంకెక్కడి శనివారం! మీరంత మాటన్నాక, ఇక రావద్దని చెప్పేశాను."

"ఎక్కడుంటారు?"

"ఎప్పుడూ అడగలేదండీ."

పొట్టి కూలర్ చక్కగా ఇమిడింది. కంప్యూటర్ మళ్లీ మొరాయించలేదు. మర్నాడు మధ్యాహ్నానికే సినిమా పంపేసి, కాస్త ఊపిరి పీల్చుకుంది.

లిస్టులో తప్పుందని దాన్ని పెట్టినవాళ్లకి రాయాలనిపించింది. తెరిచి చూస్తే, ఆ వరుస అప్పటికే దిద్ది ఉంది. నూట అరవై మూడు.

దాని కింద కొత్తగా రాసి ఉంది: "అట్టపెట్టె మీది అంకె నమ్మి, కొలవకుండా లిస్టులో ఎక్కించాను. నిన్న షాపులో ఒకమ్మాయి నా తప్పు వల్ల నష్టపోయింది, ఆమె నన్ను క్షమించాలి. అక్కడ ఇక కొలవనివ్వరు కాబట్టి, ఈ లిస్టు ఇంతటితో ఆపేస్తున్నాను."