నూట ఎనభై ఏడో పేజీ

తప్పిపోయి ఆశ్రమాలకు చేరినవాళ్ళ ఫొటోల సైటు నేనే కట్టాను. ఎనిమిది వేల ఫొటోలు, నాలుగు వందల పేజీలు. అన్ని పేజీల నంబర్లూ వరసగా పెడితే తెర చాలదని మొదటి మూడూ, చివరిదీ ఉంచి మధ్యలో చుక్కలు పెట్టాను. ముచ్చటగా ఉందన్నారు మా మేనేజరు.

వారం నుంచి ఒక ఫోన్ నా ప్రాణం తోడేస్తోంది. రోజూ సైటు తెరిచి ఒకటో పేజీ నుంచి 'తర్వాత', 'తర్వాత' అని నొక్కుతూనే ఉంటుంది. సైటు ఎవరెంత చూశారో చెప్పే రిపోర్టంతా దాని గోలే. మేనేజరు నా మీద ఇంతెత్తున ఎగిరారు. మనిషైతే విసుగు పుట్టదా? ఇది ఫొటోలు దోచే ప్రోగ్రామేనని తేల్చేసి నిన్న బ్లాక్ చేశాను. పీడ విరగడైందనుకున్నాను.

ఇవాళ ఆఫీసుకి ఒకావిడ వచ్చి ఫోన్ నా చేతిలో పెట్టింది. "నిన్నటి నుంచి మీ ఫొటోల సైటు తెరుచుకోవట్లేదు బాబూ, కాస్త చూడవూ?"

చూశాను. నేను నిన్న బ్లాక్ చేసిన ఫోనే.

"రోజూ మొదటి నుంచీ ఎందుకండీ నొక్కడం?" విసుగు దాచుకోలేకపోయాను.

"ఆపిన చోటికి వేరే దారేది నాయనా? ఆ చుక్కలు ఎంత నొక్కినా పలకవు." అరచేయి చాపింది. పెన్నుతో రాసుకున్న 187. "మొన్న ఇక్కడిదాకా వచ్చాను. మా తమ్ముడికి మాటలు రావు, పేరు కూడా చెప్పలేడు. ఫొటో చూసి పోల్చుకోవాల్సిందే."

బ్లాక్ తీసేశాను. నేరుగా ఆ పేజీకి దూకే దారి నేను పెట్టనే లేదు. అక్కడిదాకా నేనే తీసుకెళదామని పక్కన కూర్చుని నొక్కడం మొదలుపెట్టాను.

అరవై దాటేసరికి నా బొటనవేలు లాగేసింది.

"ఇటివ్వు బాబూ," అందావిడ. "నాకలవాటే."