ఆటస్థలం కింది ఆవం

“ఆగండి. ఆ తాడు దాటి రాకండి.”

ఆమె గొంతు ఖాళీ గ్యాలరీల్లో ఖంగుమంది.

అప్పటికే ఆ పెద్దమనిషి తాడు కింద నుంచి దూరి, పాత గోల్‌పోస్టు పక్కగా నడిచి వస్తున్నాడు.

ఆమె గబగబా టార్పాలిన్ లాగి గొయ్యి మీద కప్పేసింది. దాని అంచు మీద కాలు వేసి నిలబడింది.

అది ఒకప్పుడు ఆటల మైదానం. ఇప్పుడక్కడ అపార్టుమెంట్లు లేవబోతున్నాయి. పునాదులు తీసేలోపు, నేల కింద పాతకాలపు ఆనవాళ్ళు ఏమైనా ఉన్నాయేమో తవ్వి చూసి చెప్పడం ఆమె ఉద్యోగం. ఇన్నాళ్ళూ గాజుపెంకులు, తుప్పుపట్టిన బూటు మేకులు తప్ప ఏమీ తగల్లేదు.

ఆ పొద్దునే తగిలింది.

కుమ్మరి ఆవం, కుండలు కాల్చే బట్టీ. ఎన్ని వందల ఏళ్ళ నాటిదో. లోపల కుండలు పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి. నిప్పు పెట్టి వెళ్ళిన మనిషికి ఏమైందో ఏమో, మళ్ళీ వచ్చి తెరవనే లేదు.

“ఎవరండీ మీరు? కంపెనీ తాలూకానా?”

“అవునమ్మా, కంపెనీ వాణ్ణే. ఏమైనా దొరికిందా?” నవ్వుతూ అడిగాడాయన.

ఆ నవ్వు ఆమెకి తెలుసు. పోయినేడాది మరోచోట మరో కంపెనీ మనిషి ఇలాగే నవ్వుతూ అడిగాడు. అక్కడ దొరికినదాన్ని సంబరం పట్టలేక దగ్గరుండి మరీ చూపించింది. పని ఆపమని సర్కారు ఉత్తర్వు వచ్చేలోపే యంత్రాలు దిగి అంతా నేలమట్టం చేసేశాయి.

“ఏం లేదండీ. రాళ్ళూ రప్పలూ.”

“మరి దీని కింద?”

“వానొస్తే నీళ్ళు నిలవకుండా కప్పాం.”

ఆయన తలెత్తి చూశాడు. ఆకాశంలో మబ్బు తునకైనా లేదు.

గట్టు మీద కూర్చుని ఆవం బొమ్మ గీస్తున్న తోటి ఉద్యోగిని, ఆమె అక్కా అని పిలిచే మనిషి, చప్పుడు కాకుండా కాగితం బోర్లించింది. ఇద్దరూ ఏళ్ళ తరబడి కలిసి పనిచేస్తున్నవాళ్ళు. కనుసైగ చాలు.

“చూడమ్మా, సాయంత్రంలోగా నాకొక మాట కావాలి,” అన్నాడాయన. ఇప్పుడు నవ్వడం లేదు. “ఉంటే ఉందని చెప్పు. భయపడకు.”

భయపడకు అన్న మాటకే ఆమెకి భయం రెట్టింపైంది.

“చెప్పాను కదండీ. ఏమీ లేదు.”

“నువ్వే స్వయంగా తవ్వి చూశావా?”

“చూశాను.”

“ఏమీ లేదంటావు.”

“లేదు.”

ఆయన వంగి టార్పాలిన్ కొస పట్టుకోబోయాడు. ఆమె రెండో కాలు కూడా దాని మీదే వేసింది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

“సరేనమ్మా. నువ్వన్నాక ఇంకేముంది.”

వెళ్ళి గ్యాలరీ మెట్ల మీద చాలాసేపు ఒంటరిగా కూర్చున్నాడు. తర్వాత ఎవరికో ఫోన్ చేసి, లేచి వెళ్ళిపోయాడు.

“పాపం, మొహం చిన్నబుచ్చుకున్నాడే,” అంది అక్క.

“నటనక్కా. నన్ను గుచ్చి గుచ్చి రాబట్టాలని చూశాడు.”

“ఏమోనే. నాకలా అనిపించలేదు.”

“నీకు అందరూ మంచివాళ్ళే.”

ఉత్తర్వు ఇవ్వాల్సిన అధికారి మర్నాడు గానీ రాడని తెలిసింది. ఆ రాత్రి ఆమెకి కంటి మీద కునుకు లేదు. తెల్లవారగానే వెళ్ళి ఆఫీసు గుమ్మం ముందు కూర్చుంది. అక్క గీసిన బొమ్మ చూసి ఆ అధికారి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. అప్పటికప్పుడు ఉత్తర్వు టైపు చేయించి సంతకం పెట్టాడు.

ఈసారి గెలిచాననుకుంది ఆమె. దారంతా ఆ కాగితాన్ని గుండెకి హత్తుకునే వచ్చింది.

వీధి మలుపు తిరుగుతుండగానే యంత్రాల రొద వినిపించింది.

పరిగెత్తింది. గేటు బార్లా తెరిచి ఉంది. గోల్‌పోస్టు లేదు. గొయ్యి లేదు. మట్టిగుట్టలో ఎర్రటి కుండపెంకులు పొద్దుటి ఎండకి మెరుస్తున్నాయి. అక్క ఆ గుట్ట పక్కనే కూలబడి, చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది.

“ఆపండి,” అంటూ సైట్ మేనేజరు మొహం ముందు ఉత్తర్వు పట్టుకుంది. “ఎవరు మొదలుపెట్టమన్నారు? మోసం కదూ ఇది?”

అతను ఆ కాగితం చదివాడు. గుట్ట వైపు చూశాడు. చెయ్యెత్తి యంత్రాన్ని ఆపించాడు.

“అదేంటమ్మా. ఏమీ లేదని మీరే కదా చెప్పారు?”

“నేనెవరికి చెప్పాను?”

“నిన్న మా పెద్దాయన వచ్చి అడిగితే.”

ఆమె ఎత్తి పట్టుకున్న కాగితం దించింది.

“ఈ తవ్వకాలు చేయించమని మాకు ఏ రూలూ లేదమ్మా,” అన్నాడు మేనేజరు మెల్లగా. “వాటాదార్లంతా దండగని కొట్టిపారేసినా, ఈ నేల కింద ఏదైనా ఉంటే ఒక్క ఇటుక కూడా పడనివ్వనని ఇన్నాళ్ళూ మొండికేసింది ఆయనొక్కరే. నిన్న సాయంత్రం మీటింగులో, ‘తవ్విన అమ్మాయినే అడిగొచ్చాను, ఆ పిల్ల అబద్ధం చెప్పదు’ అని, పని మొదలుపెట్టడానికి సంతకం పెట్టేశారు.”