బోనులో రొట్టె ముక్క

బొంబాయి ఆస్పత్రి నుంచి వచ్చిన రాధాకిషన్, చెప్పులైనా విడవకుండా అటక మీది ఎలుకల బోను దించాడు.

నాందేడులోని వాళ్ల జొన్నల దుకాణంలో బస్తాలన్నిటికీ చిల్లులు పడ్డాయి. తగ్గిందనుకున్న రక్తపు కాన్సర్ అతనికి ఆ మధ్య తిరగబెట్టింది. ఎలుకల ఒంట్లోంచి తీసిన కొత్త మందును మొదటిసారి మనుషుల మీద పరీక్షిస్తున్నారని, అందులో తన భర్త ఒకడని తెలిసిన రోజే సుందరబాయి ఆ బోనును అటకెక్కించింది.

"ఏం జేస్తున్నరు? మీ పానం కాపాడేటి ఎలుకల్ని సంపుతరా?"

"నాకు పని చెయ్యలే, సుందరా. ఇగ రావొద్దన్నరు."

రాధాకిషన్ బస్తాకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. రైలు అలసట కాదది.

సుందరబాయి లోపలికి పోయి రొట్టె ముక్క తెచ్చి, బోను కొక్కేనికి కసిగా గుచ్చింది.

"ఇప్పుడు దవాఖానల మీ మంచం మీద ఎవలున్నరు?"

"మన కుండల్‌వాడి ఊరి పిల్ల. పెండ్లయి ఏడాది గూడ కాలే. అదే మందు, నాకన్న జర ఎక్కువిచ్చి చూస్తరట."

సుందరబాయి కొక్కెం నుంచి రొట్టె ముక్క తీసి, బస్తాల సందున వేసింది.