మీసాల తాళం

తాళాలు అమ్ముడుపోవాలంటే ముందు ఊళ్ళో ఒక దొంగ ఉండాలి. ఇంత చిన్న సంగతి, వ్యవహారం మీసం మీదికి వచ్చేదాకా తాళాలాయనకి తట్టలేదు.

ఊరంటే నిజం ఊరు కాదు, ఫోన్‌లో ఆడే ఆటలోని ఊరు. ఎక్కడెక్కడివాళ్ళో వేలమంది అందులో ఇళ్ళు కట్టుకుంటారు, కొట్లు పెట్టుకుంటారు, పనీపాటా మానేసి కబుర్లు చెప్పుకుంటారు. బయట వీధి మలుపులో మారుతాళాలు చేసుకునే మన తాళాలాయన, బేరాల్లేని మధ్యాహ్నాల్లో ఆ ఆటలో కూడా తాళాల కొట్టే పెట్టాడు. పేరు 'మీసాల తాళం'. ఇరవై ఏళ్ళుగా నూనె రాసి పెంచుకున్న తన మీసాన్నే బోర్డు మీద బొమ్మగా వేసుకున్నాడు.

ఆటలో ప్రతి తాళంచెవికీ విడిగా పళ్ళు గీయాలి. రోజంతా ఆకురాయితో పళ్ళు గీసీ గీసీ వేళ్ళు అరిగినవాడికి అక్కడ కూడా అదే చాకిరీనా? అన్నిటికీ ఒకటే నమూనా అంటించేశాడు. ఎవడు చూడొచ్చాడు!

బోణీ వాళ్ళింట్లోనే ఉండే అత్తగారు చేసింది. ఆవిడకీ ఆటలోని ఆ ఊళ్ళో ఓ చిన్న ఇల్లు, ముందుగదిలో ముచ్చటైన ఊయల ఉన్నాయి. "అల్లుడుగారి చేతి తాళం, గుమ్మానికి తగిలించి పాడుచేస్తానా?" అని దాన్ని గూట్లో దాచుకుంది. ఆ తర్వాత రెండు వారాలు తాళాలాయన ఈగలు తోలుకున్నాడు.

"పొద్దస్తమానం తాళాలే, ఆటలో కూడా తాళాలేనా? ఎవరు కొంటారండీ!" అని భార్య నవ్వింది.

తాళాలాయనకి పౌరుషం పొడుచుకొచ్చింది. "నెలాఖరు ఆదివారం సాయంత్రానికి వంద గుమ్మాలకి నా తాళాలు వేలాడకపోతే మీసం తీసేస్తాను! అత్తయ్యగారే సాక్షి!"

భార్య వెళ్ళి గడ్డం గీసుకునే కత్తి తెచ్చి అద్దం దగ్గర పెట్టింది. ఆ మీసమంటే ఆవిడకి పెళ్ళినాటినుంచీ ఒళ్ళుమంట.

తాళాలాయన సంతలో గొంతు చించుకున్నాడు. రెండు కొంటే ఒకటి ఉచితమన్నాడు. "ఇక్కడ దొంగలే లేరు, తాళమెందుకయ్యా?" అని జనం వెళ్ళిపోయారు. నిజమే మరి. మర్నాడే ఇంకో పేరుతో ఆటలో చేరి, నల్ల ముసుగు తొడుక్కుని బయల్దేరాడు.

మొదటి దొంగతనం అత్తగారింట్లోనే చేశాడు. సొంత అత్తగారి ఊయల పోయిందంటే అల్లుణ్ణి ఎవరనుమానిస్తారు!

"అయ్యో, బంగారంలాంటి ఊయల!" అని అత్తగారు గొల్లుమంది.

"ఇకనైనా తాళం వేసుకోండి అత్తయ్యగారూ," అన్నాడు పాపం, ఎంతో జాలిగా.

ఒకరింట కూజా, ఇంకొకరింట కుర్చీ పోయాయి. ఊరు హడలిపోయింది. మూడోవారం తిరిగేసరికి నూటమూడు గుమ్మాలకి మీసాల తాళాలు వేలాడాయి. తాళాలాయన మీసం దువ్వుకుని ముసుగుకి సెలవిచ్చాడు.

మర్నాడు తాళం వేసిన ఇంట్లోనే సామాను పోయింది. తాళం చెక్కుచెదరలేదు. ఆ మర్నాడు మరో రెండిళ్ళు!

తాళాలాయనకి ముచ్చెమటలు పోశాయి. 'దొంగని నేనే కదా! నేను చెయ్యని దొంగతనం ఎవడు చేశాడు?'

ఎవరో కొన్నవాళ్ళే, తాళంచెవులన్నీ ఒకటేనన్న గుట్టు కనిపెట్టేశారు. కానీ ఆ మాట పైకి ఎలా అంటాడు? జనం ఒక్కొక్కరే తాళాలు ఊడదీసి అతని కొట్టు ముందు పారేస్తున్నారు. సరిగ్గా అదే సమయానికి ఎదురుగా కొత్త కొట్టు వెలిసింది. గుమ్మంలో ఆరడుగుల ఆసామి. పక్కన బోర్డు: 'తాళాన్ని నమ్మి మోసపోయారా? ఇనప్పెట్టె కొనండి. మీసాల తాళం చూపిస్తే దీపం ఉచితం!'

ఆ బోర్డు చూసి తాళాలాయనకి కడుపు మండింది. కానీ తన ఇంటికున్నదీ ఆ తాళమే, లోపలున్నది దొంగసొత్తు. గప్‌చుప్‌గా తనూ ఓ ఇనప్పెట్టె కొని, ఊయలతో సహా అన్నీ అందులో పడేశాడు. పైన ముసుగు పెట్టాడు. ఉచిత దీపం కూడా వదల్లేదు.

అప్పుడే బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. సంతంతా చాటించాడు: 'మీసాల తాళంవారు దొంగని పట్టారు! ఆదివారం సాయంత్రం పోయిన సామాను తిరిగి ఇస్తారు!' జనం సిగ్గుపడి తాళాలు మళ్ళీ తగిలించుకున్నారు. ఆదివారం మధ్యాహ్నానికి లెక్క నూటొకటి.

సాయంత్రం భార్య పక్కన కూర్చుని ఫోన్‌లోకి తొంగిచూస్తోంది. అత్తగారు మంచం మీద కళ్ళజోడు సర్దుకుంటూ తన ఫోన్ తను చూసుకుంటోంది. ఆటలో సంత కిటకిటలాడుతోంది. తాళాలాయన మీసం మెలేసి పెట్టె మూత ఎత్తాడు.

లోపల ముసుగు తప్ప ఏమీ లేదు.

"సామానేదయ్యా? ఆ దొంగముసుగు నీ పెట్టెలో ఎందుకుంది?" అన్నారెవరో. అంతే, జనానికి విషయం అర్థమైపోయింది. కళ్ళముందే తాళాలు టపటపా ఊడాయి. తొంభై, యాభై, పన్నెండు.

భార్య అద్దం తెచ్చి ముందు పెట్టింది.

"అత్తయ్యగారూ, మీరైనా చెప్పండి! ఆ పెట్టె తాళంచెవి నా జేబు దాటలేదు!" అన్నాడు తాళాలాయన, మీసాన్ని రెండుచేతులా కప్పుకుని.

అత్తగారు తన ఫోన్ అతనివైపు తిప్పింది. ముందుగదిలో ఊయల ఊగుతోంది.

"నా బోణీ తాళంచెవి ఊళ్ళో ప్రతి గుమ్మానికీ పడుతుంటే మీ దగ్గరే నేర్చుకున్నాను, అల్లుడుగారూ," అంది చల్లగా. "నా ఇనప్పెట్టెలన్నిటికీ నేనూ ఒకటే తాళంచెవి పెట్టాను."