వంటగది మార్చిన ఇల్లు

కొనడానికొచ్చినవాళ్లు ఏమడిగినా ఇల్లే నిజం చెప్పాలని చట్టం వచ్చాక, వీరభద్రంగారి ఫ్లాటు చూసి నలుగురు వెనక్కి వెళ్లిపోయారు. వాళ్లు లోపలి గదుల్లో ఇంటిని ఏమడిగారో ఆయనకి తెలీదు. వాస్తు దోషమే అనుకుని గోడలు పగలగొట్టించి, ఈశాన్యంలో ఉన్న వంటగదిని ఆగ్నేయానికి మార్పించాడు.

ఐదోసారి ఒక కొత్త జంట వచ్చింది. వీరభద్రం భార్య హైమావతి కాఫీలిచ్చి లోపలికి వెళ్లింది. నీళ్లూ గాలీ సంగతి అయ్యాక, ఆ అమ్మాయి మొహమాటం లేకుండా హాల్లోనే ఇంటిని అడిగేసింది.

"ఈ ఇంట్లో ఎక్కువ ఏడుపు ఏ గదిలో?"

"వంటగదిలోనండి," అంది ఇల్లు మర్యాదగా. "ఈశాన్యంలో ఉన్నప్పుడు అక్కడ. ఆగ్నేయానికి మార్చాక ఇక్కడ. బయటికి వినపడకుండా అమ్మగారు కుళాయి తిప్పుకుంటారు."

ఇద్దరూ కాఫీ సగంలోనే వదిలేసి లేచారు. "ఆలోచించుకుని చెప్తామండీ," అన్నారు, ఆయన మొహం చూడకుండా.

హాల్లో తన కుర్చీలో వీరభద్రం తల ఎత్తలేకపోయాడు. ఆ కుళాయి చప్పుడు వినపడ్డప్పుడల్లా "నీళ్లు పోతున్నాయి, కట్టెయ్యవే!" అని ఇన్నేళ్లూ ఈ కుర్చీలోంచే అరిచాడు.

లోపల కుళాయి చప్పుడు మొదలైంది.